పట్టి చూసే ఉద్యోగం

నా కుడిచేతి బొటనవేలికి రేఖలు లేవు. పుట్టినప్పుడు ఉండేవి. ఇరవై రెండేళ్ళ ప్రభుత్వ కొలువులో తడి స్పాంజి మీద వేలు అద్దడం, కాగితం తిప్పడం, మళ్ళీ అద్దడం, మళ్ళీ తిప్పడం, ఈ పనిలో అరిగిపోయాయి. మా ఆఫీసు గుమ్మం పక్కన హాజరు మిషను బిగించిన రోజు నుంచి అది నన్ను గుర్తుపట్టలేదు. రోజూ పొద్దున్నే వేలు పెడతాను. అది ఎర్ర దీపం వెలిగించి “మళ్ళీ ప్రయత్నించండి” అంటుంది. మూడేళ్ళు ప్రయత్నించాను. ఆ మిషను దృష్టిలో వరదయ్య అనే జూనియర్ అసిస్టెంటు మూడేళ్ళుగా ఆఫీసు మొహం చూడలేదు. జీతం మాత్రం ఆగలేదు, ఎందుకంటే జీతాల సెక్షనుకీ మిషనుకీ మాటల్లేవు.

ఆ అరిగిన వేలే నన్ను రాష్ట్రంలోకెల్లా ఒకే ఒక్క స్పర్శ నిర్ధారణాధికారిని చేసింది. అర్హత లేనివాడికి పదవి రావడం మనం రోజూ చూస్తూనే ఉంటాం. నాకు మాత్రం అర్హత ఉండే వచ్చింది.

మా ఆఫీసు పేరు చిరు ఆన్‌లైన్ వస్త్ర, హస్తకళా విక్రయాల అభ్యున్నతి మండలి. బెజవాడలో టైర్ల షాపు మీద మేడ. పేరంతా బోర్డులో పట్టక చివరి రెండు మాటలు పక్క భవనం గోడ మీదికి వెళ్ళాయి. అక్కడి పళ్ళ డాక్టరు అది తన ఆసుపత్రికి వచ్చిన గౌరవం అనుకుని ఊరుకున్నాడు. ఇంట్లో కూర్చుని ఫోను మీద బట్టలూ లేసులూ బొమ్మలూ అమ్ముకునే చిన్న దుకాణాలను పైకి తేవడం మా పని. మేం ఆ పని మొదలుపెట్టిన నాటి నుంచి వాటి అమ్మకాలు పడిపోతూ వచ్చాయి. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని మా వార్షిక నివేదిక మొదటి పేజీలోనే రాశాం.

అమ్మకాలు ఎందుకు పడిపోతున్నాయో కనుక్కోవడానికి ఆషాఢంలో ఒక సమావేశం పెట్టాం. డైరెక్టర్ కాళహస్తీశ్వరరావు గారు అధ్యక్షత వహించారు. ఆయన కుర్చీ వీపు మీద ఎప్పుడూ ఒక తెల్లటి టర్కీ టవలు వేలాడుతూ ఉంటుంది. ఆయన సెలవులో ఉన్నా అది డ్యూటీలోనే ఉంటుంది. దుకాణదారుల తరఫున మాట్లాడటానికి పెడన నుంచి నాంచారమ్మ అనే ఆవిడ బందరు పాసింజరు ఎక్కి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చేతికి అద్దకం రంగు, సంచిలో అద్దకం బట్ట.

“చెప్పమ్మా. సంక్షిప్తంగా, సవివరంగా చెప్పు” అన్నారు డైరెక్టర్ గారు.

“ఏవుందండి, మూడు బల్లలేసి చెక్క అచ్చుల్తో అద్దకం చేయిస్తాను. నెలకి అరవై పార్శిళ్ళు పోయేయి. ఇప్పుడు తొమ్మిది. మా అచ్చు ఫొటో తీసుకుని ఎవరో మెషీను మీద గుద్దేసి సగం ధరకి పెడతన్నారండి. ఫోన్లో వాళ్ళ బట్ట ముందు కనపడద్ది, మాది వెతుక్కుంటా పోతే ఎక్కడో అడుగున ఉంటది. పార్శిలు ఖర్చు చూస్తే బట్టకంటే అదే ఎక్కువ. కొన్నవాళ్ళు పెళ్ళికి కట్టుకుని, ఉతికి, నచ్చలేదని వెనక్కి పంపుతన్నారు. ఆపైన ఎంతైనా బట్ట గదండి, పట్టి చూడందే ఆడవాళ్ళకి మనసొప్పదు.”

డైరెక్టర్ గారు వేళ్ళు మడుస్తూ విన్నారు.

“మొదటిది, నకలు. అది న్యాయశాఖ పరిధి. రెండోది, ఫోనులో ఎవరు ముందు కనిపించాలి అన్నది. అది కేంద్రం పరిధి. మూడోది రవాణా. నాలుగోది మానవ స్వభావం, దానికింకా శాఖ ఏర్పడలేదు. ఐదోది ఉందే, పట్టి చూడటం, అది ఇంతవరకు ఏ శాఖా తనదని చెప్పుకోలేదు.” ఆయన ఐదో వేలు మడిచి పిడికిలి బిగించారు. “కాబట్టి మనది.”

“అయ్యా, అది ఊరికే చివర్లో అన్నానండి. అసలు సంగతి ఆ మెషీను వాళ్ళది…”

“సమస్య మూలం దొరికాక కొమ్మలు పట్టుకు వేలాడకూడదమ్మా.”

“దీపావళి దాకా చూస్తానండి” అంది నాంచారమ్మ, బట్ట సంచిలోకి తోసుకుంటూ. “అప్పటికీ లేవకపోతే బల్లలు ఎత్తేయటమే. మస్తాన్ బాబాయి, ఆయన కింద ఇంకో మూడు కుటుంబాలవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా అచ్చు కొట్టినోళ్ళు, గోడౌనుకెళ్ళి అట్టపెట్టెలు అతికించుకోవాల.”

డైరెక్టర్ గారు సూపరింటెండెంటు ఫణిభూషణం గారి వైపు వంగి, దీపావళి రెండో త్రైమాసికంలో వస్తుందా మూడో దాంట్లోనా అని అడిగారు. మూడో దాంట్లో అని తెలిశాక నిశ్చింతగా కుర్చీలో వెనక్కి వాలారు.

పదిహేను రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. ప్రభుత్వ ఉత్తర్వులు ఇంత తొందరగా వస్తాయని నాకే తెలియదు. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: “దూరమందున్న కొనుగోలుదారు బట్టను పట్టి చూడజాలడు గనుక, అతని తరఫున మండలియే బట్టను పట్టి చూచి, కలిగిన అనుభూతిని ధ్రువీకరించును.” ఇకమీదట ఏ చిన్న దుకాణమైనా ఆన్‌లైనులో అమ్మే ప్రతి బట్ట తానునూ బెజవాడ తెచ్చి మాకు చూపించాలి. మేం పట్టి చూసి మార్కులు వేస్తాం. ఆ మార్కుల పత్రాన్ని బట్ట ఫొటో పక్కనే పెట్టాలి. పత్రం లేని దుకాణం పేజీ మూసేస్తారు. పెద్ద కంపెనీలకు ఇది వర్తించదు, ఎందుకంటే వాళ్ళు మా మండలి పేరులో ఉన్న ‘చిరు’ అనే మాట కిందికి రారు.

పట్టి చూసేది ఎవరు అన్న దగ్గర వారం రోజులు చర్చ జరిగింది. ఫణిభూషణం గారికి చేతుల నిండా ఎగ్జిమా. డ్రైవరు సిద్ధపడ్డాడు గానీ అతని అత్తగారిది చీరాలట, చేనేతకు పక్షపాతం చూపిస్తాడని పక్కన పెట్టారు. అప్పుడు డైరెక్టర్ గారి బల్ల మీదికి హాజరు మిషను జాబితా వెళ్ళింది. మూడేళ్ళుగా రాని వరదయ్య ఎవరు అని అడిగారు. నేనేనని ఎదురుగా నిలబడి చెప్పాను. ఆయన నా బొటనవేలిని భూతద్దం పెట్టి చూశారు.

“ఫణిభూషణం గారూ, ఈ వేలు చూడండి. ఒక్క గీత లేదు. గీతలున్న వేలికి ఇష్టాలుంటాయి, అయిష్టాలుంటాయి. ఇది దేనికీ అంటుకోని వేలు. నిష్పాక్షికం.”

నియామక పత్రంలో కూడా అలాగే రాశారు: “వేలిరేఖలు లేనందున.” మా ఆవిడ అది రెండుసార్లు చదివి, “మీరా? గోనెపట్టాకీ పట్టుచీరకీ తేడా తెలీని మనిషికి ఇచ్చారా?” అంది. ప్రభుత్వం నమ్మిన మనిషిని ఇంట్లోవాళ్ళు నమ్మకపోవడం కొత్త కాదు.

మార్కులు వేయాలంటే ఒక ప్రమాణం ఉండాలి కదా. పదికి పది మార్కుల మెత్తదనం ఏది? దీని మీద కమిటీ వేశారు. కమిటీ మూడు సార్లు కూర్చుని, అందరూ తరచూ చూసే వస్తువు, అందరూ గౌరవించే వస్తువు, ఆఫీసు ఆస్తి పట్టికలో ఉన్న వస్తువు అయి ఉండాలని తేల్చింది. అలా డైరెక్టర్ గారి కుర్చీ మీది టర్కీ టవలు రాష్ట్ర మెత్తదన ప్రమాణం అయింది. దాన్ని గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. డైరెక్టర్ గారి కుర్చీకి కొత్త టవలు కొన్నారు. అది ప్రమాణం కంటే మెత్తగా ఉండటంతో దాని గురించి ఎవరూ మాట్లాడకూడదని అంతర్గత సర్క్యులర్ ఇచ్చారు.

మొదటి రోజు నాంచారమ్మే వచ్చింది, భుజాన ఆరు తాన్ల మూటతో. బట్ట విప్పగానే గదంతా అద్దకంలో వాడే కరక్కాయ వాసన. ఎర్రమట్టి రంగు బట్ట మీద నల్ల గీతల లతలు. నేను స్పాంజి మీద వేలు తడుపుకున్నాను, అలవాటు కదా. ఎడంచేత్తో ప్రమాణ టవలు పట్టుకుని, కుడి బొటనవేలితో ఆవిడ బట్ట రుద్దాను. నిజం చెప్పాలంటే నాకు రెండూ ఒకటే అనిపించాయి, అంటే ఏమీ అనిపించలేదు. కానీ టవలుకి పీచు లేచి ఉంది, ఈ బట్టకి లేదు. నిబంధన ప్రకారం మూడు మార్కులు వేశాను.

“పదికి మూడాండీ?” అంది నాంచారమ్మ.

“టవలులాగా లేదమ్మా.”

“ఇది టవలు కాదు గదండి.”

ఆ మాట అభ్యంతరాల పట్టికలో నమోదు చేశాను.

ఆ నెల గోనెసంచులతో షాపింగ్ బ్యాగులు కుట్టే ఒకాయనకి ఏడు మార్కులు వచ్చాయి, పీచు వల్ల. నరసాపురం లేసుకి ఒకటిన్నర వచ్చింది, రుద్దినప్పుడు వేలు కన్నంలోంచి అవతలికి పోవడం వల్ల. వెంకటగిరి చీర ఒకటి మరీ పల్చగా ఉందని, పట్టుకున్న భావన కలగలేదని సున్నా వేయాల్సి వచ్చింది. ఆ చీర తెచ్చిన పెద్దాయన దాన్ని మడత పెట్టుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దణ్ణం ఇప్పటికీ నాకు అరగలేదు.

పదికి మూడు అని రాసి ఉన్న బట్టను ఎవరు కొంటారు? నాంచారమ్మ పార్శిళ్ళు తొమ్మిది నుంచి నాలుగుకి దిగాయి. ఆవిడ అప్పీలు పెట్టుకుంది. అప్పీలుకి ఫణిభూషణం గారు గ్లౌజు వేసుకుని పట్టి చూశారు, దీన్ని ద్వితీయ స్పర్శ అంటారు. దాని మీద డైరెక్టర్ గారు పట్టి చూశారు, అది తుది స్పర్శ. మధ్యలో ఫైలు మోసినవాళ్ళు, ఫైలులో బట్ట ఉందని విని చూడటానికి వచ్చినవాళ్ళు, అందరూ కలిసి ఆ తానుని పదకొండు మంది పట్టుకున్నారు. అందులో ఒకరు అప్పుడే మిరపకాయ బజ్జీ తిన్నారు. చివరికి మార్కులు మూడు నుంచి మూడుంబావుకి పెరిగాయి. అయితే పదిమందికి పైగా వాడిన బట్ట కొత్త బట్ట కిందికి రాదని వేరే నిబంధన ఉండటంతో, పత్రం మీద ‘పాత బట్ట’ అని ముద్ర వేసి ఇచ్చాం. మరక ఉన్న చోట మరక ఉన్నట్టు మరో పత్రం ఉచితంగా ఇచ్చాం.

నాంచారమ్మ రెండు పత్రాలూ చదువుకుంది. కోప్పడుతుందేమో అని చూశాను.

“అన్నయ్య గారూ, ఒక్కసారి మా పెడన రండి” అంది. “బట్ట ఎట్టా పట్టుకోవాలో మా బాబాయి చూపిస్తాడు. మీ తప్పేం లేదు. మీకెవరూ చూపించలేదంతే.”

క్షేత్ర పర్యటన అని రాసి ఓ ఆదివారం వెళ్ళాను. పొడుగాటి రేకుల షెడ్డు, మూడు బల్లలు. రెండు బల్లల మీద గుడ్డ కప్పి ఉంది. మిగిలినదాని దగ్గర మస్తాన్ నిలబడి అచ్చు కొడుతున్నాడు. రంగులో అద్దటం, గీత చూసి ఆనించటం, అరచేత్తో ఒక్క గుద్దు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఒక్క అచ్చు పక్కకి పోలేదు.

నేను అలవాటుగా వేలు నాలుకకి తగిలించి బట్ట మీదికి చాచాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

“తడి వేలు వద్దు సార్. తడి వేలు అబద్ధం చెప్తది. ముందు ఆరబెట్టుకోండి.” తన పంచెకే నా వేలు తుడిచాడు. “ఆ, ఇప్పుడు బొటనేలు, చూపుడేలు మధ్యన పెట్టండి. రుద్దమాకండి. ఊరికే ఉంచండి. అదే చెప్తది. తర్వాత గుప్పెట్లో నలిపి వదలండి. మడత నిలిచిందా, సర్దుకుందా? ఇప్పుడు వాసన చూడండి.”

చాలాసేపటి దాకా నాకేమీ తెలియలేదు. తర్వాత లీలగా, బట్టలో పోగులు ఉన్నట్టు తెలిసింది. అంత చిన్న సంగతికి నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి, రంగు ఘాటు అని చెప్పాను.

బల్ల కింద కత్తిరింపు ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. ఇంటి దగ్గర సాధన చేసుకుంటానని జానెడు ముక్క ఒకటి అడిగి జేబులో పెట్టుకున్నాను. రైలు వచ్చే దాకా ప్లాట్‌ఫారం మీద జేబులో చెయ్యి పెట్టి ఆ ముక్కనే పట్టుకుని కూర్చున్నాను. సాగనంపటానికి వచ్చిన నాంచారమ్మ నా జేబు వైపే చూస్తూ ఉంది. ఏదో ఆలోచించుకుంటోంది అనుకున్నాను గానీ, అదేమిటో పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి నేను స్పాంజి డబ్బా ముట్టలేదు. ఆఫీసులో పొడి వేలితో పట్టి చూడటం మొదలుపెట్టాను. మార్కులు మాత్రం టవలు ప్రకారమే వేయాల్సి వచ్చింది, ప్రమాణం మార్చే అధికారం నాకు లేదు. మూడు వేసిన ప్రతిసారీ ఒళ్ళు మండేది.

దసరా వెళ్ళిన వారానికి మండలికి అనంతపురం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఒక స్కూలు టీచరు రాసింది. “పెడన నాంచారమ్మ గారు అడగ్గానే కవరులో జానెడు ముక్క పంపారు. పట్టి చూసి, ఎనిమిది మీటర్లు తెప్పించుకున్నాం. ఇంత మంచి పద్ధతి ప్రవేశపెట్టిన మీ మండలికి ధన్యవాదాలు.” ఆరా తీస్తే, నాంచారమ్మ అడిగినవాళ్ళకల్లా మామూలు పోస్టు కవరులో ఒక కత్తిరింపు ముక్క పెట్టి పంపుతోందట. అప్పటికి నాలుగు వందల పన్నెండు మందికి పంపింది. పార్శిళ్ళు నెలకి నలభైకి చేరాయి. రెండో బల్ల మీది గుడ్డ తీశారు.

ఆఫీసు తలకిందులైపోయింది.

“నాలుగు వందల పన్నెండు మంది!” అన్నారు డైరెక్టర్ గారు. “ఏ శిక్షణా లేకుండా, ఏ పత్రమూ లేకుండా, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని బట్ట పట్టి చూశారు. ఇంక మనం ఎందుకు?”

చివరి ప్రశ్న ఆయన నోటి నుంచి పొరపాటున వచ్చింది. దాన్ని రికార్డు నుంచి తొలగించాం. ‘అనధికార స్పర్శకు దోహదం చేసిన నేరం’ కింద నాంచారమ్మకి నోటీసు వెళ్ళింది. దాన్ని టైపు చేసింది నేనే. దీపావళికి నాలుగు రోజుల ముందు విచారణ. నేరం రుజువైతే అదే రోజు దుకాణం పేజీ మూసేస్తారు.

విచారణకి ఆవిడతో మస్తాన్ కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో, కుర్చీ అంచున. బల్ల మీద ఒక కవరు, అందులో జానెడు ముక్క. ఆ ముక్క పట్టి చూడటానికి వీలైనదేనని నేను సాక్ష్యం చెప్పాలి. అది చెబితే పేజీ మూతపడుతుంది. చెప్పకపోతే నా ఉద్యోగం.

“సాక్షి నిష్పాక్షికత ముందుగా రికార్డు కావాలి” అన్నారు ఫణిభూషణం గారు. ఆయన చట్టం బాగా చదువుకున్న మనిషి. “మిషను మీద వేలు పెట్టించండి. ఎర్ర దీపం రాగానే సాక్ష్యం మొదలుపెడదాం.”

గుమ్మం పక్కనున్న మిషను ఊడదీసి బల్ల మీదికి తెచ్చారు. నేను వేలు పెట్టాను. నాంచారమ్మ నన్నే చూస్తోంది. మస్తాన్ నా వేలినే చూస్తున్నాడు.

పచ్చ దీపం వెలిగింది.

“ధన్యవాదాలు, వరదయ్య” అంది మిషను.

మూడేళ్ళ తర్వాత మొదటిసారి అది నా పేరు పలికింది. ఫణిభూషణం గారు నమ్మక ఇంకోసారి పెట్టించారు. మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. భూతద్దం తెచ్చారు. సన్నగా, చెరువు గట్టున నీళ్ళు తగ్గిన గుర్తుల్లాగా, నా బొటనవేలి మీద గీతలు లేచి ఉన్నాయి. స్పాంజి మానేసిన రోజు నుంచి అవి చెప్పకుండా వస్తున్నాయన్నమాట.

“ఎప్పట్నించి ఉన్నాయివి?” అన్నారు డైరెక్టర్ గారు.

“తెలియదండి. నేను గమనించలేదు.”

ఫణిభూషణం గారి ముఖం పాలిపోయింది. “అయితే ఏ రోజు నుంచి ఈయన పక్షపాతి అయ్యాడో తెలియదు. ఏ పత్రం శుద్ధమో ఏది కాదో చెప్పలేం. ఇచ్చిన పత్రాలన్నీ చెల్లవండీ. అధికార స్పర్శే లేనప్పుడు ఇక అనధికార స్పర్శ అనేది ఎక్కడిది?”

డైరెక్టర్ గారు ఏం చేస్తున్నారో తనకే తెలియకుండా బల్ల మీది ముక్క చేతిలోకి తీసుకున్నారు. రెండు వేళ్ళ మధ్య పెట్టుకున్నారు. గుప్పెట్లో నలిపి వదిలారు. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళారు.

“మా అమ్మ పెట్టెలో ఇదే వాసన” అన్నారు.

తర్వాత గొంతు సవరించుకుని, కొత్త అధికారిని నియమించే వరకు పథకం నిలిపివేత, కేసు వాయిదా అని రాయించారు. ముక్క తిరిగి ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు.

మెట్లు దిగుతూ మస్తాన్ నా చెయ్యి పట్టుకుని బొటనవేలు తిప్పి చూశాడు. “పొడి వేలు, సార్” అన్నాడు, అంతే. నాంచారమ్మ టైర్ల షాపు ముందు నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈసారి రంగు ఘాటు లేదు. దీపావళికి మూడో బల్ల మీది గుడ్డ కూడా తీశారు.

కొత్త స్పర్శాధికారి కోసం మండలి ప్రకటన ఇచ్చింది. అర్హత: వేలిరేఖలు లేకపోవడం. జతపరచవలసినవి: దరఖాస్తుపై అభ్యర్థి బొటనవేలి ముద్ర. ముప్పై ఒక్క దరఖాస్తులు వచ్చాయి. ముద్ర పడినవాటిని అనర్హత కింద, ముద్ర పడనివాటిని అసంపూర్ణం కింద తిరస్కరించాం. అలా రెండుసార్లు ప్రకటన ఇచ్చాం. మూడోసారికి ఫైలు నడుస్తోంది. ఆ నోటిఫికేషన్ చివరి పేరాలో, రేఖలు మళ్ళీ అరిగిన పక్షంలో పూర్వపు అధికారికే ప్రాధాన్యం ఇవ్వబడునని ఫణిభూషణం గారు ఒక వాక్యం చేర్చారు.

నన్ను మళ్ళీ పాత సెక్షనుకే పంపారు. బల్ల మీద కొత్త స్పాంజి, నిండా నీళ్ళు. దాన్ని కిటికీలో ఎండబెట్టాను. జేబులోని జానెడు ముక్క వేలికి చుట్టుకుని కాగితాలు తిప్పుతున్నాను, పని నెమ్మదైందని మెమో కూడా తీసుకున్నాను. రాత్రి పడుకునే ముందు వేలికి కొబ్బరినూనె రాస్తుంది మా ఆవిడ. పొద్దున ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, వెనక జనం విసుక్కుంటున్నా సరే, వేలు బాగా తుడుచుకుని మరీ మిషను మీద పెడతాను. పచ్చ దీపం వెలిగితే, ఆ రోజుకి పెడనలో మూడు బల్లలూ నడుస్తాయి.